మొన ఎక్కడ పోయింది

పెళ్లిచూపుల్లో మా మామగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న నాకింకా గుర్తుంది. "పోర్టులో కాదు, షిప్‌యార్డులో కాదు. సేపల కంపెనీలో కత్తులు నూరతావా? అదేటి ఉద్యోగం బాబూ?"

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివానని, కంపెనీలో నన్ను టూల్‌రూమ్ ఫిట్టర్ అంటారని చెప్పాను. ఆయన తల ఊపారు గాని నమ్మినట్టు కనపడలేదు. నిజానికి ఆయన అన్నదే సరి. ఫిషింగ్ హార్బర్ పక్కన చేపలు కోసి, గడ్డకట్టించి, ఓడలకెక్కించే కంపెనీ మాది. పంపులు, పైపులు, కన్వేయర్లు బాగుచేసేవాళ్లు వేరే ఉన్నారు. నాకు అప్పగించింది కత్తులు. డెబ్బైల చివర్లో చేరాను, రిటైరయ్యేదాకా కత్తులతోనే ఉన్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. పదును పెట్టడం ఆరునెలల్లో వస్తుందని చెప్తాను. కానీ మనం నూరిన కత్తి మన కళ్లముందు ఉండదు. ఇంకొకరి చేతిలో, ఐసు నీళ్లలో, గంటలకొద్దీ తిరుగుతూ ఉంటుంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా భయమేసేది. అది నాకు ఎన్నేళ్లయినా తగ్గలేదు. తగ్గకపోవడమే మంచిదని ఇప్పుడనుకుంటాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతీ, యూనియన్ గొడవల సంగతీ ఇందులో ఉండవు.

పైడయ్య గారు

నాకు పని నేర్పింది పైడయ్య గారు. ఆయనది భీమిలి వైపు ఊరు. చదువు లేదు. తొట్టెలో నానబెట్టిన రెండు రాళ్లు, ఒక తోలు పట్టీ, అంతే ఆయన సామాను. గోనెపట్టా మీద కూర్చుని, కత్తిని రాయి మీద ముందుకు తోస్తూ, మొన దగ్గరకొచ్చేసరికి పిడిని కొంచెం పైకెత్తేవారు. ఎందుకెత్తుతున్నారని అడిగితే, "కత్తి వంపు తిరిగినాది కదా, సెయ్యి తిరక్కపోతే ఎలాగ?" అనేవారు.

మా కత్తులన్నీ వంపు కత్తులే. చేప వెన్నెముక మీంచి మాంసాన్ని పలకలా జారుస్తూ కోయాలంటే అంచు విల్లులా వంగి ఉండాలి. అలా కోసిన ముక్కని ఫిల్లెట్ అంటారు. నిటారు కత్తిని నూరడం ఎవరికైనా వస్తుంది. వంపు కత్తిలో పిడి దగ్గర ఒక వాలు, మొన దగ్గర ఇంకో వాలు వచ్చేస్తాయి. అంచు పొడుగునా ఒకే వాలు నిలబెట్టడమే పనితనం.

చేరిన కొత్తలో ఆయన సెలవు పెట్టిన రోజు నేను తెలివి చూపించబోయాను. చేత్తో ఒక కత్తి నూరే లోపు గ్రైండర్ మీద పది నూరేశాను. మెరిశాయి. మర్నాడు ఆయన ఒక కత్తిని వెలుతురుకి పెట్టి చూశారు. అంచు వెంబడి సన్నటి నీలం చార. గ్రైండర్ వేడికి ఉక్కు మెత్తబడిపోయిందన్నమాట. అలాంటి కత్తి పది చేపలు కోసేసరికి మొద్దుబారుతుంది. మొద్దు కత్తిని కోసేవాళ్లు గట్టిగా నొక్కుతారు. నొక్కిన కత్తే జారి చేతిలో దిగుతుంది. ఆయన నన్ను తిట్టలేదు. ఆ పది కత్తుల్నీ మూలనున్న తుక్కు డబ్బాలో పడేసి, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తిడితే అంత గుర్తుండేది కాదు.

సత్తిబాబు చేసిన బిగింపు

ఎనభైల మొదట్లో సరుకు చూడ్డానికి పరదేశం నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన పెట్టెలో అరచేతిలో పట్టేంత సాధనం ఒకటి ఉంది. కత్తి వెన్నుని ఒక బిగింపులో పట్టించాలి. దాని వెనక చిన్న స్తంభం, స్తంభానికి వరసగా బెజ్జాలు. రాయికి ఒక సన్నటి ఊచ తగిలించి, ఆ ఊచని బెజ్జంలోంచి పోనిచ్చి, రాయిని అంచు మీద తోయాలి. పై బెజ్జమైతే ఎక్కువ వాలు, కింది బెజ్జమైతే తక్కువ. చెయ్యి వణికినా రాయి దారి తప్పదు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు దాన్ని నేను కాగితం మీద బొమ్మ గీసుకున్నాను.

ఆదివారం నాడు ఆ బొమ్మ పట్టుకుని గాజువాక బస్సెక్కాను. ఆటోనగర్‌లో సత్తిబాబు అని నాతో ఐటీఐ చదివినవాడు లేతు మిషను పెట్టుకున్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి బావా, సెయ్యి లేనోడు గెడ్డం గీసుకోడానికా?" అని నవ్వాడు. కానీ రెండు వారాల్లో మా పెద్ద కత్తులకి సరిపడా కొలతల్లో బ్రహ్మాండంగా చేసిచ్చాడు.

దాంతో నా దశ తిరిగిందనుకున్నాను. కోసే ఆడవాళ్లు "నాయుడుబాబూ, కత్తి ఎన్నపూసలాగ ఎల్తంది" అని మెచ్చుకున్నారు. మా మేనేజరు జోగారావు గారు వచ్చి పది నిమిషాలు నిలబడి చూశారు. మనిషి చెడ్డవాడు కాదు గాని, ఆయన దృష్టి ఎప్పుడూ ఓడ బయల్దేరే రోజు మీదే ఉండేది. "అయితే ఇంక ముసలాయనెందుకు?" అన్నారు. నెల తిరక్కుండా పైడయ్య గారిని ఇంటికి పంపేశారు. నేను అడ్డం చెప్పలేదు. చెప్పి ఉండొచ్చు.

వెళ్లే రోజు ఆయన నా పక్కన కూర్చుని, బిగింపులో కత్తి మీద రాయి ఆడటం చాలాసేపు చూశారు. "ఒరే గౌరీ, మొన కాడికెల్లేసరికి రాయి పడుకుంటంది. సూడు. మొన సన్నమైపోద్ది" అన్నారు. కంపెనీలో నన్ను గౌరీ అని పిలిచేది ఆయనొక్కరే, మిగతావాళ్లకి నేను నాయుణ్ని. ఉద్యోగం పోయిన బాధలో ఏదో అంటున్నారనుకున్నాను. ఊచ ఒకే బెజ్జంలోంచి వస్తున్నప్పుడు వాలు ఎలా మారుతుంది? ఐటీఐ చదివినవాణ్ని నేను.

ఎస్తేరమ్మ కత్తి

ఎస్తేరమ్మకి అప్పుడు నలభై ఏళ్లుంటాయి. భర్త బోటు మీద డ్రైవరు. కోసే బల్లల దగ్గర ఆమెకి మించిన చెయ్యి లేదు. కోనాం చేపని రెండు పక్కలా జార్చేస్తే మధ్యలో మిగిలిన ముల్లు మీద ఈగకి కూడా మాంసం దొరకదు అనేవారు.

ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటికి, టీ విరామానికి ముందు, ఆమె టూల్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"నాయుడుబాబూ, నా కత్తికి మొన లేదు."

"లేదంటే?"

"ఇరిగిపోనాది. ఎప్పుడిరిగిందో తెల్దు. కడిగినప్పుడు సూసినాను."

కత్తి తీసుకున్నాను. మొనలో గోటి కొస అంత ముక్క లేదు. ఎస్తేరమ్మ పొద్దుట్నుంచీ కోసిన ఫిల్లెట్లు సగం బల్లల మీద ఉన్నాయి. సగం ట్రేలలో పేర్చి ఫ్రీజర్‌లోకి వెళ్లి గడ్డకట్టాయి. ఆ ఉక్కు ముక్క వాటిలో దేంట్లోనో ఉంది. ఎక్కడో పరదేశంలో ఏ పిల్లో అన్నం తింటూ దాన్ని మింగుతుంది.

అంతకన్నా భయమేసిన సంగతి ఇంకోటుంది. విరిగిన చోట కత్తి మందం చూశాను. కాగితంలా ఉంది. మిగిలిన కత్తుల మొనలు వేలితో తడిమాను. అన్నీ అలాగే ఉన్నాయి.

జోగారావు గారికి కబురు వెళ్లింది. ఆయన వస్తూనే ఎస్తేరమ్మ మీద పడ్డారు. "చేప తలకాయ దగ్గర కత్తి పెట్టి మెలితిప్పుంటావ్. కొయ్యమంటే పెకలిస్తారు మీరు."

"లేదు బాబూ. ఏసుపెబువు మీద ఒట్టు, నాను మెలిపెట్టలేదు."

"మరి దానంతటదే విరిగిందా? కత్తి ఆ బిగింపు మిషన్ మీద నూరింది, చెయ్యి నూరుడు కాదు."

ఎస్తేరమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఇంట్లో నా భార్యకి ఏడో నెల. పైడయ్య గారిని ఎంత తేలిగ్గా పంపేశారో నా కళ్లతో చూశాను. అక్కణ్నుంచి టూల్‌రూమ్‌లోకి వెళ్లిపోయి, ఏం చేస్తున్నానో తెలియకుండానే బెంచీ సర్దడం మొదలుపెట్టాను.

గంటన్నర అలాగే ఉన్నాను. ఎవరికీ చెప్పని విషయం ఇది. తర్వాత నిజం చెప్పానని అందరికీ తెలుసు, ముందు గంటన్నర చెప్పలేదని ఎవరికీ తెలియదు.

ఆ గంటన్నరలో ఒక పని మాత్రం చేశాను. బిగింపులో కత్తి పెట్టి, బెజ్జానికి దారం కట్టి, అంచు దాకా లాగి కొలిచాను. కత్తి మధ్యలో ఒక పొడుగు వచ్చింది. మొన దగ్గరికి దారం చాల్లేదు. మొన దూరం, కాబట్టి ఊచ ఎక్కువ బయటికొస్తుంది, రాయి పడుకుని వాలు తగ్గిపోతుంది. పైడయ్య గారు కంటితో చూసి చెప్పింది నాకు దారం పెడితే గాని కనపడలేదు. మూణ్నెల్లుగా ప్రతి కత్తి మొననీ నేనే అరగదీస్తున్నాను.

వెతుకులాట

బయటికొచ్చి అందరిముందూ చెప్పాను. "తప్పు ఆవిడది కాదండి. నాది. మొనలన్నీ సన్నమైపోయాయి."

జోగారావు గారు నన్ను పక్కకి లాగి, "నోరు ముయ్యవయ్యా. ఎల్లుండి లోడింగు" అన్నారు. కానీ అప్పటికే బల్లల దగ్గర అందరూ విన్నారు. ఇంక దాచడానికి లేకపోయింది. కోత ఆపించి, అన్ని కత్తులూ వెనక్కి తెప్పించి, వెతకమన్నారు.

ఆ రోజంతా వెతికాం. పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం పీకి తెచ్చి, నీళ్లు పోయే కాలువల్లో, చెత్త డ్రమ్ముల్లో, ఐసు తొట్లలో తిప్పాను. ఆడవాళ్లు ఒక్కొక్క ఫిల్లెట్‌ని ట్యూబ్‌లైట్‌కి పెట్టి చూసి, వేళ్లతో నొక్కి చూసి పక్కన పెట్టారు. ఎస్తేరమ్మ కూడా వాళ్లతోపాటు సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టి వెతికింది. ఏమీ దొరకలేదు.

ఇంక మిగిలింది గడ్డకట్టిన బ్లాకులు. వాటిని కరిగిస్తే మళ్లీ ఎగుమతికి పనికిరావు. "దొరకలేదంటే అందులో లేనట్టే" అన్నారు జోగారావు గారు. అది ఎలా కుదురుతుందో నాకు అర్థం కాలేదు. దొరకలేదంటే అందులోనే ఉన్నట్టు కదా. "ఒక్కరోజు ఆపండి సార్" అని బతిమాలాను. కోల్డ్ స్టోరులో విడిగా పెట్టించారు గాని, ఎల్లుండి మధ్యాహ్నం మాత్రం ఎక్కించేస్తామన్నారు.

మర్నాడు ఎస్తేరమ్మ పనికి రాలేదు. "చూశావా? తప్పు చేసింది కాబట్టే మొహం చాటేసింది" అన్నారాయన. లోడింగు రోజు పొద్దున్న కూడా రాలేదు. అప్పుడు నేను ఆమె ఇంటికి బయల్దేరాను. ఎందుకు వెళ్లానో ఉన్నదున్నట్టు చెప్తాను. ఆమె ఎలా ఉందో చూద్దామని కాదు. కత్తి నడకలో తేడా ఎప్పుడు తెలిసిందో, అప్పుడు ఎన్నో ట్రే నింపుతోందో గుర్తుచేసుకోమని అడగటానికి. అది తెలిస్తే అన్ని బ్లాకులూ కాకుండా ఒకటో రెండో కరిగిస్తే సరిపోతుంది.

హార్బర్ వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. అరుగు మీద కూర్చుని ఉంది. ఎడం చేతికి పసుపు కట్టు. చెయ్యి మణికట్టు దాకా ఉబ్బి, నిగనిగలాడుతోంది.

"ఏటైంది అక్కా?"

"ముల్లు దిగినాది బాబూ. మా పనిలో రోజూ ఉన్నదే. ఈసారి సీము పట్టేసినాది."

"ఎప్పుడు దిగింది?"

"మొన్న పొద్దున్న. సురుక్కుమన్నాది, అంతే. ఐసులో ఏళ్లు మొద్దుబారిపోతాయి కదా, ఏటీ తెల్దు."

మొన్న పొద్దున్న. కత్తి మొన విరిగిన పొద్దున్న అది. అన్ని గదులూ, కాలువలూ, డ్రమ్ములూ గాలించాం. ముప్పైమందిమి రోజంతా వెతికాం. ఆమె చేతులు మా కళ్లముందే ఉన్నాయి. నీ చెయ్యి చూపించు అని ఒక్కరం కూడా అనలేదు.

ఎక్స్‌రే

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. దారిలో ఆమెకి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక, "ముల్లయినా సరే డాక్టరు తీస్తే మంచిది" అన్నాను. క్యూలో రెండు గంటలు కూర్చున్నాం. ఆమెకి జ్వరం కాగిపోతోంది. అవతల గోడ గడియారంలో లోడింగు టైము దగ్గరపడుతోంది. నేను ఒకసారి ఆమె చెయ్యి చూస్తున్నాను, ఒకసారి గడియారం చూస్తున్నాను.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని కిటికీకి పెట్టి చూపించారు. మధ్యవేలు మొదట్లో, రెండు ఎముకల మధ్య, చిన్న తెల్లటి త్రికోణం. "ఇది ముల్లు కాదమ్మా. ఇనుము" అన్నారాయన.

ఎస్తేరమ్మ నా వైపు తిరిగి, "నా సేతిలోనే ఉందా?" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

ఒక మాట ఒప్పుకుంటాను. ఆ తెల్ల త్రికోణం చూసిన క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, చేపల్లో లేదు అనుకున్నాను. బయట షాపులోంచి కంపెనీకి ఫోను చేస్తే జోగారావు గారు కూడా అదే మాటన్నారు. "బతికిపోయాం నాయుడూ!" ఆయన నోట విన్నాక గాని నేనేమనుకున్నానో నాకు తెలియలేదు. ఫోను పెట్టేసి ఆసుపత్రిలోకి నడిచాను. లోపల ఆమెని ఆపరేషనుకి సిద్ధం చేస్తున్నారు.

ముక్క తీశారు. కానీ చీము వేలి నరం దాకా పాకింది. నెలన్నర కట్లు కట్టించుకున్నా ఆ మధ్యవేలు సగం వరకే వంగుతుంది. కంపెనీ దాన్ని పనిలో జరిగిన గాయంగా ఒప్పుకునేలా చెయ్యడానికి ఆ ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని నేను చాలా గుమ్మాలెక్కాను. జోగారావు గారితో ఆ తర్వాత నాకు ఎప్పుడూ సరిపడలేదు. కొత్తవాళ్లకి చెప్తున్నాను, పైవాడితో చెడినా ఉద్యోగం సాగుతుంది. ఎదుట నిలబడ్డ మనిషి మొహం చూడలేకపోతే సాగదు.

ఏం మార్చాను

ఆపరేషను అయిన వారం, బిగింపుని సంచీలో పెట్టుకుని భీమిలి వైపు పైడయ్య గారి ఊరెళ్లాను. జరిగింది చెప్పాను. "నాను సెప్పినాను కదా" అని ఆయన అంటారని దారంతా భయపడ్డాను. అనలేదు. "ఆ మనిసికి ఎలాగుంది?" అని అడిగారు. తర్వాత బిగింపు ముందేసుకుని, బొటనవేలు బెజ్జం దగ్గర ఆనించి, చూపుడువేలు చాపి కత్తి అంచు వెంబడి తిప్పారు. కత్తిని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ, బిగింపు మొనకి దగ్గరయ్యేలా చేశారు. ఒక చోట ఆయన వేలు వంపు పొడుగునా మొన దాకా సమంగా తిరిగింది. "ఇక్కడ బిగించు" అన్నారు.

అంతే కిటుకు. వంపు కత్తిని మధ్యలో పట్టకూడదు. అంచు వంపు బెజ్జం చుట్టూ గుండ్రంగా తిరిగేటట్టు, మొన వైపు జరిపి పట్టాలి. పిడి దగ్గర కొంచెం పలచబడితే పడనీ, అక్కడ ఉక్కు మందంగా ఉంటుంది. బిగించాక దారంతో కొలవాలి. అంచుకి నీలం రంగు పూసి, రాయి రెండుసార్లు తోసి, రంగు ఎక్కడ పోయిందో ఎక్కడ మిగిలిందో చూడాలి. ఆ తర్వాతే నూరాలి. సరిపోయిన చోట ప్రతి కత్తి వెన్ను మీదా ఆకురాయితో చిన్న గాటు పెట్టాను, మళ్లీ వెతుక్కోకుండా.

సాధనం మంచిదే. ఇప్పుడూ అదే వాడమంటాను. అది చెయ్యి వణుకుని ఆపుతుంది, బుర్రలో పొగరుని ఆపలేదు. ప్రతి విరామంలోనూ కత్తుల మొనలు చూసే పద్ధతి పెట్టాను. మొన చూశాక, కత్తి పట్టుకున్న మనిషి గ్లవ్స్ తీయించి రెండు చేతులూ చూసేవాణ్ని. మొదట్లో ఆడవాళ్లు సిగ్గుపడ్డారు, తర్వాత వాళ్లే చేతులు చాపేవారు.

ఆమె తిరిగొచ్చిన రోజు

రెండు నెలల తర్వాత ఎస్తేరమ్మ పనికొచ్చింది. ఆమెని తూకం దగ్గరో ప్యాకింగులోనో వేస్తారని అందరం అనుకున్నాం. ఆమె మాత్రం తిన్నగా టూల్‌రూమ్‌కొచ్చి, "నా కత్తి ఇయ్యి" అంది.

ముందురోజంతా ఆ ఒక్క కత్తి మీదే కూర్చున్నాను. దారం మూడుసార్లు పెట్టాను. అయినా చేతికిచ్చే ముందు మొన ఇంకోసారి వేలితో తడిమాను. ఆమె చూసింది.

"బాగా నూరినావా?"

"నూరానక్కా."

"అయితే ముందు నువ్వు కొయ్యి."

ఇన్నేళ్లు కత్తులు నూరాను గాని బల్ల దగ్గర నిలబడి ఒక్క చేప కోసింది లేదు. గ్లవ్స్ వేసుకుని ఐసులోంచి కోనాం చేపని తీశాను. ఎస్తేరమ్మ పక్కన నిలబడి ఎక్కడ గాటు పెట్టాలో, ఎక్కడ కత్తిని పడుకోబెట్టాలో చెప్తోంది. చుట్టూ ఆడవాళ్లు నవ్వుతున్నారు. మొదటి చేప చిందరవందర చేశాను. రెండోది కాస్త నయం. నాలుగో చేపకొచ్చేసరికి వేళ్లు నావి కానట్టున్నాయి. కత్తి పట్టుకున్నానో లేదో కంటితో చూసుకుంటే గాని తెలియడం లేదు. మొన పరవాలేదు, చేప నడుం దగ్గర సాఫీగా వెళ్తోంది. నా దృష్టంతా దాని మీదే ఉంది.

"బాబూ, ఆగు" అంది ఎస్తేరమ్మ.

"ఏం? మొన పోయిందా?"

"మొన కాదు. నీ సెయ్యి సూడు."

ఎడం చేతి గ్లవ్ చూపుడువేలి దగ్గర చీలి ఉంది. ట్రేలో ఐసు ఎర్రబడింది. ఎప్పుడు తెగిందో నాకు తెలియలేదు.

ఆమె నా చేతిలోంచి కత్తి తీసుకుంది. సగం వంగే వేలితోనే చేపని ఒడిసిపట్టి, నేను వదిలేసిన చోట మొదలుపెట్టి, రెండో పక్క ఒక్క లాగుడుకి జార్చేసింది.

"ఎల్లి కట్టు కట్టించుకో" అంది, తలెత్తకుండా. "కత్తి బాగుంది."